పెళ్లిపత్రిక అట్టతో లెక్కలు

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవక, కుదురుగా ఉండలేకపోయే సమస్య) అని తేలేవరకు వాడిని బద్ధకస్తుడనే తిట్టాను. ఆ తిట్లు ఇప్పటికీ నన్నే గుచ్చుతాయి. లక్షణాలు ఇంట్లోనూ బడిలోనూ కనబడాలట, అందుకని వైద్యురాలు నాచేతా టీచరుచేతా ప్రశ్నపత్రాలు నింపించారు.

అంతకుముందు 20 లెక్కలకు రెండున్నర గంటలు పట్టేది, చివరికి ఇద్దరికీ ఏడుపే. పేజీలో అన్నీ ఒకేసారి కనబడితే వాడి చూపు ఎక్కడా నిలవదు. పాత పెళ్లిపత్రిక అట్టలో ఒక్క లెక్క పట్టేంత కిటికీ కోశాను. దాన్ని జరుపుకుంటూ ఒక్కొక్కటే చేస్తాడు. కూర్చోమనడం మానేశాను. వంటగది గట్టు దగ్గర నిలబడి, కాలు ఊపుకుంటూ రాస్తాడు. 10 నిమిషాలకు గంట మోగగానే మేడ మెట్లు ఎక్కి దిగి వస్తాడు. ఫోనులో మాత్రం టైమరు పెట్టకండి, పిల్లవాడు ఫోనులోకే వెళ్లిపోతాడు!

టీచరు మొదట ఒప్పుకోలేదు. వైద్యురాలి ఉత్తరం చూశాక 8 లెక్కలే ఇస్తున్నారు, ముందు బెంచీలో కూర్చోబెడుతున్నారు. ఇప్పుడు 40 నిమిషాల్లో అయిపోతోంది. తెలుగు డిక్టేషన్ సంగతే ఇంకా తేలలేదు. నిన్న ఒత్తులన్నీ ఎగిరిపోయాయి.