లెనిన్‌గ్రాడ్‌లో చదివినవాళ్లు పీటర్స్‌బర్గ్ వెళ్లేముందు

కావలి, కందుకూరు, ఒంగోలు పక్కల నుంచి సోవియట్ రోజుల్లో రష్యాకి చదువుకోను పోయినవాళ్లు ఇప్పుడు అరవైకి అటూ ఇటూ ఉన్నారు. పిల్లలు స్థిరపడ్డారు, చేతిలో నాలుగు డబ్బులున్నాయి. ఒక్కసారి తాము చదివిన ఊరు చూసొద్దామన్న కోరిక అప్పుడు మొదలవుతుంది. నాకూ అట్టే మొదలైంది. 1986లో నేను దిగింది లెనిన్‌గ్రాడ్‌లో. 1992లో అదే స్టేషన్లో తిరుగు రైలెక్కేటప్పటికి ఊరి పేరు సెయింట్ పీటర్స్‌బర్గ్. మళ్లీ పోయిన మే నెలలో మా ఆవిడతో కలిసి వెళ్లొచ్చాను. వెళ్లేముందు ఈ సంగతులు ఎవరైనా చెప్పుంటే బాగుండేదనిపించింది.

ఆ ఊరు మనకి తెలుసనుకోవడం దగ్గరే అసలు ప్రమాదం ఉంది. కొత్తగా పోయేవాడు దారి అడుగుతాడు, డబ్బు లెక్క చూసుకుంటాడు, చీకటి పడితే గదికి చేరతాడు. మనం ఇవేవీ చెయ్యం. పెన్నలో ఈత రానివాడు ఒడ్డునే ఉంటాడు, వచ్చినవాడే లోతుకి పోతాడని మా నాయన అనేవాడు. ఆ ఊరి మధ్య పారే నెవా నది దగ్గర కూడా అంతే.

ముందు డబ్బు సంగతి. 2022 మార్చి నుంచి బయటి దేశాల బ్యాంకులిచ్చిన వీసా, మాస్టర్‌కార్డ్‌లు రష్యాలో పనిచెయ్యవు. ఏటీఎంలో డబ్బు రాదు, కొట్లో గీకినా తీసుకోదు. నగదు తీసుకుపోవాల్సిందే. మామూలుగా విదేశాలకి వెళ్లేవాళ్లకి 3,000 డాలర్ల వరకే నోట్ల రూపంలో ఇస్తారు. రష్యాకి వెళ్లేవాళ్లకి రిజర్వు బ్యాంకు ఆ పరిమితి పెట్టలేదు. ఈ మినహాయింపు నాకు డాలర్లిచ్చినాయనకి తెలీదు, నిబంధన ప్రింటు తీసి చూపించాకే ఒప్పుకున్నాడు. నోట్లు కొత్తవే అడగండి. పెన్ను గీత ఉన్నా, మడత దగ్గర చిరిగినా అక్కడి బ్యాంకు కిటికీలో నుంచి వెనక్కి నెట్టేస్తారు. రూబుళ్లు బ్యాంకులోనే మార్చండి. హాస్టల్లో జీన్స్ ప్యాంట్లు అమ్మి రూబుళ్లు చేసుకున్న రోజులు గుర్తొచ్చి, రోడ్డు మీద ఎవడైనా మంచి రేటు చెప్తే మనకి చేతులు దురదపెడతాయి. వద్దు.

వీసాకి చెన్నై పరిగెత్తే పని చాలామందికి లేదు. 2023 ఆగస్టు నుంచి మన పాస్‌పోర్టుకి ఈ-వీసా ఇస్తున్నారు. అందులో ఎన్ని రోజులుండొచ్చని రాశారో చూసుకోండి, దిగిన రోజు కూడా లెక్కలోకే వస్తుంది. హోటల్లో దిగితే రిజిస్ట్రేషన్, అంటే మనం ఎక్కడుంటున్నామో అధికారుల దగ్గర నమోదు చేయించడం, వాళ్లే చూసుకుంటారు. పాత స్నేహితుడి ఇంట్లో ఉంటానంటే మాత్రం ఏడు పనిదినాల్లోగా ఆయన చేయించాలి. మొహమాటపడకుండా ముందే అడగండి. ట్రావెల్ ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు, రష్యాకి వర్తిస్తుందని కాగితం మీద రాయించుకోండి. నిద్రమాత్రలు, గట్టి నొప్పి మాత్రలు వాడేవాళ్లు డాక్టరు చీటీ, దాని అనువాదం లేకుండా బయల్దేరొద్దు.

ఫోన్లో నెట్ ఉంటుందిలే అన్న ధీమా వద్దు, డ్రోన్ల భయంతో అప్పుడప్పుడూ ఆపేస్తున్నారు. మ్యాపు ముందే దింపుకుని, హోటల్ చిరునామా రష్యన్‌లో కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఉక్రెయిన్ యుద్ధం గురించి బయట మాట్లాడొద్దు, ఫోన్లో రాయొద్దు, మిలిటరీవాళ్లని ఫొటో తీయొద్దు. ఒకప్పుడు వంటింటి బల్ల దగ్గర తెల్లార్లూ రాజకీయాలు వాదించుకున్నవాళ్లకి ఇది కష్టమే. ఎదుటివాళ్లే ఎత్తితే వినండి, అంతే.

ఇక పేర్లు. మనకి తెలిసిన ఊరంతా పాత పేర్లలోనే ఉంది. జెల్యాబవ్ వీధి ఇప్పుడు బల్షాయా కన్యూషెన్నయా. కీరవ్ ప్రాస్పెక్ట్ అనే పెద్ద రోడ్డు మళ్లీ కామెన్నొఒస్త్రోవ్‌స్కీ అయింది. ప్లోషద్ మీరా మెట్రో స్టేషన్ 1992 నుంచి సెన్నయా ప్లోషద్. టాక్సీ ఎక్కి నేను దర్జాగా పాత పేరు చెప్పాను. ఆ కుర్రాడు 1991 తర్వాత పుట్టినవాడు, అద్దంలో నా మొహం చూసి, "అంకుల్, అది ఏ ఊళ్లో?" అన్నాడు. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకుంది. కాబట్టి పోయేముందు ఒక సాయంత్రం కూర్చుని, మీరు తిరిగిన వీధులకి పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన రాసుకోండి.

మెట్రోకి మనం 5 కోపెక్కుల చిల్లర బిళ్ల వేసేవాళ్లం. ఇప్పుడు పొదరోజ్నిక్ అనే కార్డుంది, నగదిచ్చి నింపుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్లెక్కువ లేని స్టేషన్లు చూసుకోవాలి. 2011లో తెరిచిన అద్మిరల్తేయ్‌స్కయా 86 మీటర్ల లోతున ఉంది. ఎస్కలేటర్లు సరే, అవి దిగాక కూడా నడక తప్పదు.

రాత్రి ఒంటిగంట దాటాక ఓడలు పోవడానికి నెవా మీది వంతెనలు పైకి లేస్తాయని మనకి తెలుసు. తెలిసీ ఇరుక్కున్నాను. కుర్రతనంలో వంతెన లేస్తే గట్టు మీదే కూర్చుని గిటారు వాయించుకుంటూ తెల్లారేదాకా గడిపేవాళ్లం. అరవయ్యో ఏట, చలిలో, బీపీ మాత్ర వేసుకోకుండా, ఏం గిటారు? మా గది వాసిలియెవ్‌స్కీ దీవిలో, మేమేమో నదికి ఇవతలి ఒడ్డున. 2016లో పూర్తయిన పెద్ద టోల్ రోడ్డు ఉంది కాబట్టి టాక్సీవాడు చుట్టూ తిప్పి దింపాడు, ఆ టాక్సీ డబ్బుతో రెండు రోజులు భోంచెయ్యొచ్చు. వంతెనల వేళలు రోజూ చూసుకోండి.

రోహిణి కార్తెలో ఇక్కడ ఒళ్లు మాడుతుంటే అక్కడ స్వెట్టరు కావాలి. జూన్‌లో చీకటే సరిగ్గా పడదు, నిద్ర పట్టదు, కిటికీకి మందం తెర ఉన్న గది అడగండి. చలికాలం పోవాలనుకునేవాళ్లకి నా సలహా, మానుకోమని. జారిపడితే ఈ వయసులో తుంటి ఎముక తేలిగ్గా అతకదు. చూరుల నుంచి మంచు కడ్డీలు ఊడిపడుతుంటాయి, గోడ వారగా నడవకూడదు. కుళాయి నీళ్లు కాచి తాగండి. అప్పుడు మనం తాగలేదా అనొద్దు, కడుపు నొప్పితో పడుకున్నదీ మనమే.

మే నెలలో పోతే కర్యూష్కా అనే చిన్న చేప అమ్ముతారు. పచ్చిగా ఉన్నప్పుడు అచ్చం కీరదోసకాయ వాసన. నెత్తళ్లలా వేయించుకుని తల తోక సహా తినేయొచ్చు. చేపలో ముల్లు తియ్యడం చేతకాని నెల్లూరోడు లేడు కాబట్టి దీనికి జాగ్రత్తలేమీ చెప్పను.

ఏదైనా అలాగే ఉంటుందని ఆశపడితే అది చిన్నదై ఉండాలి. నాకు అలా దొరికింది బల్షాయా కన్యూషెన్నయాలోని పిష్కీ కొట్టు, 1958 నుంచి ఉంది. గారెలాగా మధ్యలో చిల్లున్న వేడి పిష్కీలు, పైన చక్కెర పొడి, డబ్బాపాలు కలిపిన తియ్యటి కాఫీ. చేతులు తుడుచుకోడానికి ముక్కలుగా కోసిన మొరటు కాగితం, అదీ మారలేదు. చక్కెర పొడి కోటు మీద పడి తెల్లగా అయింది. షుగరున్నవాళ్లు రెండుతో ఆపండి, నేను నాలుగు తిన్నాను. హాస్టల్‌కి మాత్రం మొదటి రోజే పోకండి. పాసు లేకుండా లోపలికి పంపరు, గేటు దగ్గర మన కథంతా చెప్పుకుని చిన్నబోవడం తప్ప ఏం లేదు.

మనుషుల్ని వెతికేటప్పుడు ముందు ఒక మాట రాసి, బదులొచ్చాకే బయల్దేరండి. మగవాళ్లలో చాలామంది లేరు. క్లాసులో ఆడపిల్లలకి పెళ్లయి ఇంటిపేర్లు మారాయి. రష్యన్‌లోనూ మనలాగే నువ్వు, మీరు ఉన్నాయి. ఆ రోజుల చనువుతో వాళ్ల కొడుకుని, కోడల్ని నువ్వు అనేయొద్దు.

పూలు తీసుకుపోయేటప్పుడు లెక్కపెట్టండి. బతికున్నవాళ్లకి బేసి సంఖ్య, చనిపోయినవాళ్లకి సరి సంఖ్య. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు ఊరిని చుట్టుముట్టిన ముట్టడిలో పోయిన దాదాపు 4,90,000 మంది పడుకున్న పిస్కర్యోవ్‌స్కయే శ్మశానానికి నేను రెండు ఎర్ర కార్నేషన్లు సరిగ్గానే కొన్నాను. ఆ సాయంత్రం మా రూమ్మేటు ఇంటికి పోతూ దారిలో ఆరు కొన్నాను, ఆలోచించలేదు. తలుపు తీసిన అతని భార్య పూలు అందుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. ఒకటి తీసి సింకు పక్కన టీ గ్లాసులో పెట్టి, మిగతా అయిదూ కూజాలో సర్దుకుని బల్ల మీదికి తెచ్చింది. ఎవరం ఏమీ అనలేదు.