పాత ల్యాప్‌టాప్‌లో తెలుగు, ఒడియా రెండూ రాయాలి: ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ సమస్యలు - పరిష్కారాలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు మన ఇళ్లలో తిరుగుతున్న ల్యాప్‌టాప్‌లు చాలావరకు పాతవే. బిజు యువ సశక్తీకరణ యోజనలో ప్లస్ టూ పిల్లలకు వచ్చినవి కొన్ని, విశాఖలోనో బరంపురంలోనో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి కొన్ని, అన్న కొత్తది కొనుక్కుని తమ్ముడికి ఇచ్చేసినవి కొన్ని. యంత్రం పాతదైనా దాని మీద పడే పని తక్కువేం కాదు. ఒకే కాగితం మీద ఆఫీసు కోసం ఒడియా, మనవాళ్ల కోసం తెలుగు, పైన ఇంగ్లిష్‌లో అడ్రసు. అందుకే మన వైపు ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది ఒక్కటే: రెండు లిపులూ చెదరకుండా నిలబడుతున్నాయా? మెనూల అందం తర్వాత సంగతి.

సమస్య: ఉచితంగా చాలా ఉన్నాయి, ఏది వేసుకోవాలో తేలడం లేదు

ఉచితంగా దొరికేదంతా ఓపెన్ సోర్స్ కాదు. డబ్ల్యూపీఎస్ ఆఫీస్, ఫ్రీఆఫీస్ డబ్బు అడగకపోయినా వాటి సోర్స్ కోడ్ బయటకు ఇవ్వరు. ఓపెన్ సోర్స్‌లో మీకు ఎదురయ్యేవి ముఖ్యంగా నాలుగు.

లిబ్రేఆఫీస్ 2010 సెప్టెంబరులో ఓపెన్ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చింది. ద డాక్యుమెంట్ ఫౌండేషన్ దాన్ని నడుపుతోంది. నా సలహా ఇదే. తెలుగు, ఒడియా ఒత్తులను సరిగ్గా చూపిస్తుంది, తెలుగు మెనూలు ఉన్నాయి, తెలుగు స్పెల్ చెక్ ఉంది, పాత విండోస్‌కు పనికొచ్చే పాత వెర్షన్లు కూడా అధికారిక సైటులోనే దొరుకుతాయి.

పేరు బాగా తెలుసు కాబట్టి చాలామంది అపాచీ ఓపెన్ఆఫీస్ వేసుకుంటారు. వద్దనే చెబుతాను. అది డాక్ఎక్స్ (ఇప్పటి వర్డ్ ఫైలు రూపం) ఫైలును తెరుస్తుంది కానీ ఆ రూపంలో తిరిగి సేవ్ చెయ్యదు. ఆఫీసువాళ్లు వర్డ్ ఫైలే పంపమన్నప్పుడు అక్కడే ఆగిపోతారు.

ఓన్లీఆఫీస్ చూడ్డానికి వర్డ్‌లాగే ఉంటుంది, డాక్ఎక్స్‌తో బాగా కలిసిపోతుంది. కానీ లోపల బ్రౌజర్ ఇంజిన్ ఉంటుంది కాబట్టి ర్యామ్ బాగా తింటుంది. 4 జీబీ ఉన్న 64 బిట్ మెషీన్ అయితేనే ఆలోచించండి. అప్పుడు కూడా ముందు స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం అని టైప్ చేసి, అలాగే నాలుగు ఒడియా జోడక్షరాలు కొట్టి, పీడీఎఫ్ తీసి చూసుకున్నాకే నమ్మండి.

అబీవర్డ్ బాగా తేలిక, 1 జీబీ ర్యామ్ ఉన్న లినక్స్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) మెషీన్లో కూడా నడుస్తుంది. ఉత్తరం రాసుకోవడానికి చాలు. డాక్ఎక్స్ విషయంలో మాత్రం బలహీనం, బయటివాళ్లతో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునేవాళ్లకు సరిపోదు.

సమస్య: ఇన్‌స్టాల్ కావడం లేదు, లేదా ఇన్‌స్టాల్ అయ్యి తెరుచుకోవడం లేదు

ముందు మీ విండోస్ 32 బిట్టా 64 బిట్టా చూడండి. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కి వెళ్తే సిస్టమ్ టైప్ అన్నచోట రాసి ఉంటుంది. ప్రాసెసర్ 64 బిట్ అయినా షాపువాడు 32 బిట్ విండోస్ ఎక్కించి ఉండవచ్చు. ఇన్‌స్టాలర్ ఎంచుకోవడానికి విండోస్ ఏది అన్నదే లెక్క.

రెండోది విండోస్ వెర్షన్. లిబ్రేఆఫీస్ 25.8 నుంచి విండోస్ 7, 8, 8.1 మీద పనిచెయ్యదు, వాటికి 25.2 ఆఖరిది. ఎక్స్‌పీ, విస్టాలకు 5.4 ఆఖరిది. కొత్తది దించుకుని "ఎందుకు రావడం లేదు" అని టెన్షన్ పడేబదులు సైటులో పాత వెర్షన్ల ఆర్కైవ్‌కి వెళ్లి సరిపోయేది తెచ్చుకోండి.

విండోస్ 7లో ఇన్‌స్టాల్ అయ్యాక, తెరవగానే "ఏపీఐ ఎంఎస్ విన్ సీఆర్‌టీ" అని మొదలయ్యే ఫైలు లేదంటూ మెసేజ్ వస్తే తప్పు లిబ్రేఆఫీస్‌ది కాదు. మైక్రోసాఫ్ట్ వారి యూనివర్సల్ సీ రన్‌టైమ్ అప్‌డేట్ మీ సిస్టమ్‌లో పడలేదు. కేబీ 2999226 అనే నంబరుతో దొరుకుతుంది. అది వేశాక మళ్లీ తెరవండి.

ఏజెన్సీ వైపు సిగ్నల్ పోయి డౌన్‌లోడ్ సగంలో ఆగిపోయేవాళ్లకు ఒక మాట. అధికారిక సైటులో టొరెంట్ లింకు కూడా ఇస్తారు. దానితో ఆగినచోటి నుంచే మళ్లీ మొదలవుతుంది. ఒకసారి దించిన ఇన్‌స్టాలర్‌ను పెన్‌డ్రైవ్‌లో ఉంచి పదిమందికి ఇవ్వండి. లైసెన్సు ఒప్పుకుంటుంది, అందులో తప్పేమీ లేదు.

సమస్య: తెలుగు ఒక సైజులో, ఒడియా ఇంకో సైజులో, ఫాంట్ మారిస్తే ఒకటి మారుతుంది, ఇంకొకటి మారదు

మన సరిహద్దు జిల్లాలవాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఇదే. హైదరాబాద్ వాళ్లు రాసిన గైడ్లలో ఇది కనపడదు, ఎందుకంటే వాళ్లకు ఒకే పేజీలో రెండు భారతీయ లిపులు రాసే అవసరం అరుదు.

కారణం ఇది. లిబ్రేఆఫీస్ ప్రతి పేరాకూ వేర్వేరు ఫాంట్ గదులు పెట్టుకుంటుంది. ఇంగ్లిష్‌కు ఒకటి, చైనా, జపాన్ లిపులకు ఒకటి, మన లిపులన్నిటికీ కలిపి ఒకటి. ఈ చివరి గదినే కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ (సీటీఎల్) అంటుంది. తెలుగు, ఒడియా రెండూ ఈ ఒక్క గదిలోనే సర్దుకోవాలి. మీరు అక్కడ గౌతమి అనే తెలుగు ఫాంట్ పెట్టారనుకోండి, గౌతమిలో ఒడియా అక్షరాలు లేవు. అప్పుడు లిబ్రేఆఫీస్ తనంతట తానే వేరే ఫాంట్ నుంచి ఒడియా తెచ్చి అతికిస్తుంది. పైన పెట్టెలో మాత్రం గౌతమి అనే రాసి ఉంటుంది. తెచ్చిన ఫాంట్ ఎత్తు వేరు కాబట్టి వరసలు ఎగుడుదిగుడుగా వస్తాయి. కళింగ అనే ఒడియా ఫాంట్ పెడితే ఇదే తంతు తెలుగుకు జరుగుతుంది.

విండోస్ 8, 10 ఉన్నవాళ్లకు సులువైన దారి నిర్మల యూఐ. ఆ ఒక్క ఫాంట్‌లోనే తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి, ఎత్తులు కూడా కలుస్తాయి. టూల్స్, ఆప్షన్స్‌లోకి వెళ్లి లాంగ్వేజెస్ దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు తెలుగు ఎంచుకోండి. తర్వాత రైటర్ (లిబ్రేఆఫీస్‌లో ఉత్తరాలు రాసే భాగం) కింద ఉన్న బేసిక్ ఫాంట్స్ సీటీఎల్ అన్నచోట డిఫాల్ట్‌గా నిర్మల యూఐ, సైజు 12 పెట్టెయ్యండి. ఇక కొత్తగా తెరిచే ప్రతి ఫైలూ అలాగే వస్తుంది.

విండోస్ 7లో నిర్మల లేదు. అక్కడ తెలుగుకు గౌతమి, వాణి, ఒడియాకు కళింగ ఉంటాయి. లినక్స్‌లో లోహిత్ తెలుగు, లోహిత్ ఒడియా విడివిడిగా ఉంటాయి, నోటో ఫాంట్లు కూడా అంతే. అలాంటప్పుడు స్టైల్స్ వాడాలి. ఎఫ్11 నొక్కితే స్టైల్స్ పట్టీ వస్తుంది. అందులో తెలుగు పేరా అని ఒకటి, ఒడియా పేరా అని ఒకటి కొత్త స్టైల్స్ తయారుచేసి, ఒక్కోదాని ఫాంట్, సైజు, వరసల మధ్య ఖాళీ విడిగా పెట్టండి. గౌతమి అక్షరాలు కాస్త చిన్నగా కనిపిస్తాయి కాబట్టి ఒడియా 12 అయితే తెలుగు 13 పెట్టి చూడండి, కంటికి సమానంగా ఉంటుంది. వరసల ఖాళీని ఫిక్స్‌డ్‌గా పెడితే ఎగుడుదిగుడు పోతుంది. కానీ ఒత్తుల కింది భాగం తెగకుండా కొంచెం ఎక్కువే ఇవ్వండి. ఒకసారి ఇలా చేసి టెంప్లేట్‌గా సేవ్ చేసుకుంటే మళ్లీ ఆ జోలికి పోనక్కర్లేదు.

అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తుంటే ఆ లిపికి ఫాంటే లేదన్నమాట, వేసుకుంటే సరి. "స్త్రీ" అన్న మాట "స్‌త్‌రీ" అని విడిపోయి కనపడితే ఫాంట్ ఉంది గానీ ఆ ప్రోగ్రామ్‌కు ఒత్తులు కూర్చడం రాదు. అలాంటి ప్రోగ్రామ్ మార్చుకోవాల్సిందే, ఫాంట్లు ఎన్ని మార్చినా లాభం లేదు.

శుభలేఖలకు, కరపత్రాలకు నిండైన తెలుగు శీర్షిక కావాలంటే మండలి, రామభద్ర, గిడుగు లాంటి ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. గిడుగు ఫాంట్ గిడుగు వెంకట రామమూర్తి గారి పేరు మీద వచ్చింది. ఆయన పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడిలోనే. ఆ ఊళ్లో వేసే తెలుగు కరపత్రం మీద ఆ ఫాంట్ చూసినప్పుడల్లా నాకు సంతోషమేస్తుంది.

సమస్య: డీటీపీ షాపు నుంచి తెచ్చిన ఫైలులో తెలుగు బదులు ఇంగ్లిష్ పిచ్చిరాతలు

ఆ ఫైలు యూనికోడ్‌లో (ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే పద్ధతిలో) లేదు. తెలుగుకు అను ఫాంట్లు, ఒడియాకు ఆకృతి ఫాంట్లు వాడే షాపులు ఇంకా ఉన్నాయి. వాటిలో ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీదే మన అక్షరాల బొమ్మలు ఎక్కించి ఉంటాయి. ఆ ఫాంట్ మీ దగ్గర లేకపోతే అడుగున ఉన్న ఇంగ్లిష్ బయటపడుతుంది. ఏ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ వేసినా ఇది పోదు.

చదువుకోవడానికే అయితే షాపువాళ్లనే పీడీఎఫ్ ఇమ్మనండి. మార్చాల్సి ఉంటే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్ వాడి, తర్వాత పంక్తి పంక్తీ చదివి సరిచూసుకోండి. ఒత్తులు, అరసున్నలు, అంకెల దగ్గర తప్పులు దొర్లుతాయి. భూమి కాగితాల్లో సర్వే నంబరు ఒక్క అంకె మారినా ఎంత తిరగాల్సి వస్తుందో మీకు చెప్పక్కర్లేదు.

కొత్తగా టైప్ నేర్చుకునేవాళ్లు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకోండి. తెలుగులో "క" ఏ మీట మీద ఉందో ఒడియా "క" కూడా ఆ మీట మీదే ఉంటుంది. ఒక భాషలో చెయ్యి తిరిగితే రెండోది దాదాపు ఉచితంగా వస్తుంది.

సమస్య: ఇక్కడ ఒక పేజీ, ప్రింట్ తీసే షాపులో రెండు పేజీలు

మీ ఫైలులో ఉన్న ఫాంట్ అక్కడ లేదు, లేదా అక్కడిది ఇక్కడ లేదు. వర్డ్ ఫైళ్లలో ఎక్కువగా కనపడే కాలిబ్రికి బదులు కార్లిటో, కేంబ్రియాకు బదులు కలాడియా, టైమ్స్ న్యూ రోమన్‌కు బదులు లిబరేషన్ సెరిఫ్ ఉన్నాయి. వీటి అక్షరాల వెడల్పు అసలు వాటితో సమానం కాబట్టి వరసలు విరగవు. విండోస్‌లో లిబ్రేఆఫీస్‌తో పాటే వస్తాయి. లినక్స్‌లో కొన్నిచోట్ల విడిగా వేసుకోవాలి.

ప్రింట్‌కు ఇచ్చేది ఎప్పుడూ పీడీఎఫ్ అయి ఉండాలి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు హైబ్రిడ్ పీడీఎఫ్ అన్న టిక్ పెడితే అసలు ఫైలు కూడా దానిలోనే దాగి ఉంటుంది. తర్వాత లిబ్రేఆఫీస్‌లో ఆ పీడీఎఫ్‌నే తెరిచి దిద్దుకోవచ్చు. మీ దగ్గర ఉంచుకునే కాపీ ఓడీటీలో (లిబ్రేఆఫీస్ సొంత ఫైలు రూపంలో) పెట్టుకోండి, అవతలివాళ్లు అడిగినప్పుడే డాక్ఎక్స్ తీయండి.

ఎక్సెల్ మాక్రోల (పనులు వాటంతట అవే జరిగేలా ఫైలులో రాసిపెట్టే ఆదేశాల) గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మామూలు లెక్కల షీట్లు లిబ్రేఆఫీస్‌లోని క్యాల్క్‌లో బాగానే నడుస్తాయి. మాక్రోలతో నింపిన ఫైలు మొరాయించవచ్చు.

సమస్య: తెరుచుకోవడానికే యుగం పడుతోంది, టైప్ చేస్తే అక్షరం ఆలస్యంగా పడుతోంది

టాస్క్ మేనేజర్ తెరిచి, ఆఫీస్ తెరుస్తూ చూడండి. డిస్క్ దగ్గర వంద శాతం అని అలాగే నిలిచిపోతే ర్యామ్ చాలక హార్డ్ డిస్క్ మీద పడుతోందని అర్థం. బ్రౌజర్ మూసి మళ్లీ చూడండి. తేడా కనిపిస్తే అదే జబ్బు.

సెట్టింగుల్లో చెయ్యగలిగేవి రెండున్నాయి. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ దగ్గర జావా వాడమన్న టిక్ తీసెయ్యండి. ఉత్తరాలకు, లెక్కలకు జావా అక్కర్లేదు, బేస్ డేటాబేస్‌కే కావాలి. స్క్రీన్ మీద నల్ల మచ్చలు, చెదిరిన అక్షరాలు వస్తుంటే వ్యూ అన్నచోట స్కియా (తెర మీద బొమ్మ గీసే భాగం) వాడకం ఆపండి. పాత గ్రాఫిక్స్ చిప్‌లకు అది పడదు. అసలు విండోనే సరిగ్గా కనపడకపోతే సేఫ్ మోడ్‌లో తెరిచి హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపవచ్చు. ఫోన్‌లో తీసిన ఫొటోలు నేరుగా అతికించిన ఫైలు అయితే ఫొటో మీద రైట్ క్లిక్ చేసి కంప్రెస్ చెయ్యండి.

ఇవన్నీ చేసినా కొంతే మెరుగవుతుంది. ఖర్చు పెట్టగలిగితే మొదటి రూపాయి ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి. పాత హార్డ్ డిస్క్ స్థానంలో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ వేస్తే అదే ల్యాప్‌టాప్ కొత్తదానిలా లేస్తుంది. ర్యామ్ కొనేముందు మీది డీడీఆర్3నా డీడీఆర్3ఎల్‌ఆ అన్నది చూసుకోండి. రెండోది 1.35 వోల్టులది, అది అడిగే మెషీన్లలో 1.5 వోల్టుల ముక్క పనిచెయ్యదు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 14న ముగిసింది, పాత ప్రాసెసర్ల మీద విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. కాబట్టి తేలికగా నడిచే లినక్స్ రకమైన లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ చూడమంటాను. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 ఉంటే హాయి. ముందు పెన్‌డ్రైవ్ మీద నుంచే నడిపి, వైఫై, ప్రింటర్, తెలుగు, ఒడియా టైపింగ్ అన్నీ పరీక్షించాకే హార్డ్ డిస్క్ మీదికి ఎక్కించండి. ప్రాసెసరే 32 బిట్ అయితే ఇంకో లినక్స్ రకం డెబియన్ 12 చూడండి, 13 నుంచి 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేశారు.

సమస్య: కరెంటు పోయింది, తిరిగొచ్చాక ఫైలు "వేరేవాళ్లు వాడుతున్నారు" అంటోంది

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు చచ్చి ఉంటాయి, కరెంటు పోగానే మెషీన్ కూడా ఆరిపోతుంది. లిబ్రేఆఫీస్ ఫైలు తెరిచినప్పుడు పక్కన ఒక చిన్న తాళం ఫైలు పెడుతుంది, మూసినప్పుడు తీసేస్తుంది. మధ్యలో ఆరిపోతే ఆ తాళం అలాగే ఉండిపోతుంది.

ఫైలు ఉన్న ఫోల్డర్‌లో దాగిన ఫైళ్లు కనపడేలా పెట్టుకోండి. చుక్కతో మొదలై, లాక్ అన్న మాట, మీ ఫైలు పేరు, చివర హ్యాష్ గుర్తు ఉన్నది కనపడుతుంది. ఇంకెవరూ ఆ ఫైలు తెరిచి లేరని చూసుకుని దాన్ని మాత్రమే తీసెయ్యండి. తర్వాత ఆప్షన్స్‌లో లోడ్, సేవ్, జనరల్‌కు వెళ్లి ఆటో రికవరీ సమయం 10 నిమిషాల నుంచి 3కి తగ్గించి, ప్రతిసారీ బ్యాకప్ కాపీ తియ్యమన్న టిక్ కూడా పెట్టండి. రికవరీ విండో వస్తే క్యాన్సిల్ కొట్టకుండా ముందు రికవర్ చెయ్యనిచ్చి, వచ్చిన ఫైలును వేరే పేరుతో సేవ్ చేసి, పాతదాంతో పోల్చి చూశాకే ఏది ఉంచాలో తేల్చుకోండి.