ఎఫ్-1 నుంచి గ్రీన్‌కార్డుకు: అమెరికా పౌరులను పెళ్లి చేసుకున్న మన జిల్లాల విద్యార్థుల దరఖాస్తు విధానం

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లిన పిల్లల్లో కొందరు అక్కడి పౌరసత్వం ఉన్నవారిని వివాహం చేసుకుంటున్నారు. వీరు స్వదేశానికి తిరిగి రాకుండా, అక్కడే ఉండి విద్యార్థి హోదా (ఎఫ్-1) నుంచి స్థిరనివాస హోదాకు (గ్రీన్‌కార్డు) మారే పద్ధతిని అడ్జస్ట్‌మెంట్ ఆఫ్ స్టేటస్ అంటారు. దరఖాస్తు పెట్టేది అక్కడే అయినా, చాలా ఫైళ్లు ఇక్కడి నుంచి వెళ్లవలసిన కాగితం దగ్గరే ఆగిపోతుంటాయి. ఒంగోలులో ధ్రువపత్రాలు ఆంగ్లంలోకి తర్జుమా చేసే పనిలో ఉన్నందువల్ల ఆ ఆందోళనతో వచ్చే తల్లిదండ్రులను తరచూ చూస్తుంటాను. అందుకే ఇక్కడి కాగితాల గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా, భర్త లేదా భార్య అమెరికా పౌరులా, లేక గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవారా అన్నది తేల్చుకోవాలి. పౌరులైతే వీసా సంఖ్య కోసం వరుసలో నిలబడే పని లేదు. బంధుత్వాన్ని చూపుతూ భాగస్వామి వేసే ఐ-130, గ్రీన్‌కార్డు కోసం విద్యార్థి వేసే ఐ-485 ఫారాలు రెండూ ఒకేసారి దాఖలు చేయవచ్చు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవారైతే గ్రీన్‌కార్డుదారుల భార్యాభర్తలకు కేటాయించిన ఎఫ్2ఏ కేటగిరీలో తమ తేదీ వచ్చేదాకా ఆగాలి, అంతవరకు చదువు హోదాను ఏ లోపమూ లేకుండా నిలుపుకోవాలి. ఎవరి విషయంలోనైనా దేశంలోకి ప్రవేశించినప్పుడు అధికారి తనిఖీ చేసి అనుమతించినట్టు ఐ-94 రికార్డు ఉండాలి.

సెలవుల్లో ఇంటికి వచ్చి పెళ్లి చేసుకుని, మళ్లీ ఎఫ్-1 మీదే వెళ్లి గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెడదామనుకునేవారు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. చదువు ముగిశాక తిరిగి వెళతామన్న మాట మీద ఇచ్చే వీసా అది. అక్కడే స్థిరపడే ఉద్దేశాన్ని దాచి ప్రవేశించినట్టు తేలితే, లేదా విమానాశ్రయంలో అధికారి అడిగినప్పుడు పెళ్లి సంగతి దాచిపెట్టి అబద్ధం చెబితే, ఆ ఒక్క మాట జీవితాంతం అడ్డంకిగా నిలిచే ప్రమాదం ఉంది. ఇలాంటి పరిస్థితిలో ఉన్నవారు ప్రయాణానికి ముందే ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదించాలి; ఇండియాలోని కాన్సులేట్ ద్వారా వలస వీసా తీసుకోవడమే వారికి మేలు కావచ్చు.

2024 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం కాగితం మీద దాఖలు చేసే ఐ-130కి 675 డాలర్లు, ఐ-485కి 1,440 డాలర్లు, దానితోపాటు పెట్టే పని అనుమతి ఫారం ఐ-765కి 260 డాలర్లు, ప్రయాణ అనుమతి ఫారం ఐ-131కి 630 డాలర్లు. రుసుములు మారుతుంటాయి కనుక కట్టే రోజున అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటులో మరోసారి చూసుకోవాలి. వైద్య పరీక్ష నివేదిక ఐ-693ను 2024 డిసెంబరు 2 నుంచి ఐ-485తోపాటే జతపరచాలి. ఆ పరీక్షలో టీకాల వివరాలు అడుగుతారు కాబట్టి, ఇంట్లో బీరువాలో చిన్ననాటి టీకాల కార్డు ఉంటే దాని నకలు వెంటనే పంపండి.

ఇక జనన ధ్రువపత్రం. పుట్టిన ఊరు పంచాయతీ అయితే అక్కడ, పట్టణమైతే మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్‌లో నమోదు ఉండాలి. నా బల్ల మీదికి వచ్చిన ఒక పత్రంలో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంది. తల్లి పేరు వెంకట సుబ్బమ్మ అని ఉంటే, పాస్‌పోర్టులో సుబ్బమ్మ అని మాత్రమే ఉంది. తండ్రి పేరు ఒకచోట ఇంటిపేరుతో పూర్తిగా, పదో తరగతి మార్కుల మెమోలో పొడి అక్షరంతో ఉంది. మనకు ఇవన్నీ ఒకే మనిషివని తెలుసు, కానీ అక్కడ ఫైలు చూసే అధికారికి తెలియదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి అక్కడి రికార్డుల్లో ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని చేరడం మరో చిక్కు. సరిదిద్దగలిగినవి దరఖాస్తుకు ముందే సరిదిద్దించుకుని, మిగిలిన తేడాలకు రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ జతచేయాలి.

జిల్లా పేరు గురించి కూడా ఒక మాట. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి, గూడూరు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. పాత పాస్‌పోర్టులో ఒక జిల్లా, కొత్తగా తీసిన ధ్రువపత్రంలో మరో జిల్లా కనిపిస్తే కంగారు పడకండి. కారణం రెండు వాక్యాల్లో రాసి జతపరిస్తే సరిపోతుంది.

పుట్టుక అసలు నమోదే కాకపోతే, ఏడాది దాటిన నమోదుకు 2023 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన చట్ట సవరణ ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు లేదా అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆలస్యపు నమోదు పత్రం ఒక్కటే కాకుండా పదో తరగతి మెమో, పాఠశాల రికార్డు కూడా పంపడం మంచిది. నమోదు సాధ్యం కానప్పుడు రికార్డు లేదన్న ధ్రువపత్రం తీసుకుని, దానితోపాటు పాఠశాల రికార్డులు ఇవ్వాలి. అవి కూడా దొరకకపోతే పుట్టుక సంగతి స్వయంగా తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు ఇవ్వాలి. అమ్మమ్మ, మేనమామ వంటివారు ఇందుకు తగినవారే.

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఆంగ్ల అనువాదం, దాని కింద తనకు రెండు భాషలూ వచ్చునని, అనువాదం సరైనదని అనువాదకుడి సంతకం ఉండాలి. ఈ దరఖాస్తుకు అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా పత్రం మీద ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) అవసరం లేదు. అమెరికాలో ఉండి దరఖాస్తు పెట్టేవారిని ఇక్కడి పోలీసు క్లియరెన్స్ పత్రం కూడా సాధారణంగా అడగరు; అది కాన్సులేట్ మార్గంలో వెళ్లేవారికి కావలసినది.

పెళ్లి ఎక్కడ జరిగినా చట్టప్రకారం నమోదై ఉండాలి. అమెరికాలో గుడిలో తాళి కట్టినా, కౌంటీ లైసెన్సు తీసుకుని ధ్రువపత్రం పొందితేనే అది లెక్కలోకి వస్తుంది. ఇక్కడ జరిగితే వివాహ నమోదు పత్రం కావాలి, శుభలేఖ, ఫోటోలు దానికి తోడు మాత్రమే. వేర్వేరు మతాలవారు ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకునేటప్పుడు 30 రోజుల నోటీసు గడువును లెక్కలో ఉంచుకోవాలి. కాపురం నిజమైనదని చూపడానికి ఇద్దరి పేర్ల మీదున్న ఇంటి అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా, బీమా పత్రాలు బలమైన సాక్ష్యాలు.

పౌరులైన భాగస్వామి ఆర్థిక హామీ పత్రం ఐ-864 మీద సంతకం చేయాలి. వారి ఆదాయం పేదరిక ప్రమాణానికి కనీసం 125 శాతం ఉండాలి, చాలకపోతే మరొకరు తోడు హామీదారుగా చేరవచ్చు. విడాకులైనా ఈ హామీ దానంతట అది రద్దు కాదు.

దరఖాస్తు పెట్టాక అడ్వాన్స్ పెరోల్ (ఐ-131 ద్వారా వచ్చే ప్రయాణ అనుమతి) చేతికి రాకుండా దేశం దాటితే ఐ-485 వదులుకున్నట్టే లెక్క. ఇంట్లో ఎంత ముఖ్యమైన శుభకార్యం ఉన్నా, ఎంత దుఃఖ సందర్భం ఎదురైనా ఈ నియమం మారదు కనుక, పెద్దవాళ్లు రమ్మని ఒత్తిడి చేయవద్దని ప్రాధేయపడుతున్నాను. నిర్ణయం వచ్చేదాకా చదువు హోదానూ వదులుకోకపోవడం క్షేమం.

ఆమోదం నాటికి పెళ్లై రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతు కార్డే ఇస్తారు. దాని గడువుకు ముందున్న 90 రోజుల్లో ఇద్దరూ కలిసి షరతు తొలగించమని కోరే ఫారం ఐ-751 వేయాలి. కాపురం చెడి విడాకులైతే ఒంటరిగా వేసే వెసులుబాటు ఉంది. పౌరుడైన భర్త హింసిస్తుంటే, అతని సంతకం లేకుండానే ఐ-360 ఫారం ద్వారా స్వయంగా దరఖాస్తు చేసుకునే హక్కు భార్యకు ఉంది. కార్డు కోసం దెబ్బలు భరించమని బిడ్డకు ఏ తల్లీ చెప్పనక్కరలేదు. ఇల్లు మారినప్పుడల్లా 10 రోజుల్లోగా కొత్త చిరునామా తెలియజేయాలి, ఎందుకంటే ఇంటర్వ్యూ పిలుపు పాత చిరునామాకు వెళ్లి, ఆ రోజు ఎవరూ హాజరు కాకపోతే దరఖాస్తును తిరస్కరించవచ్చు.