బడిలో పిల్లల సంత పెట్టాలంటే

మూడు నుంచి ఐదో తరగతి పిల్లలకు కిలోలు, గ్రాములు, చిల్లర లెక్కలు బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కకపోతే, బడి ఆవరణలోనే ఒక పూట సంత పెట్టించండి. ముందు స్కూల్ కమిటీతో మాట్లాడండి. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉంటారు కాబట్టి పెరట్లో కాసిన వంకాయలు, నిమ్మకాయలు, కరివేపాకు వాళ్ల ఇళ్ల నుంచే తెప్పించొచ్చు. డబ్బు పెట్టి కొనిపించొద్దు.

వారం ముందు నుంచే క్లాసులో తూకం మొదలుపెట్టాలి. ఊళ్లో కిరాణా కొట్టులో కాటా, తూకం రాళ్లు అడిగి తెచ్చి, కిలో 40 రూపాయలైతే పావుకిలో ఎంత, 50 నోటు ఇస్తే తిరిగి ఎంతివ్వాలి అని పిల్లల చేతే తూయించి చెప్పించండి, ఇక్కడ మాత్రం అస్సలు తొందరపడొద్దు, అసలు నేర్చుకునేదంతా ఇక్కడే. ధరల అట్టలు కూడా వాళ్లే రాయాలి.

సంత రోజు గంట తర్వాత అమ్మేవాళ్లు, కొనేవాళ్లు మారాలి, లేకపోతే చొరవున్న పిల్లలే అన్నీ చేసేస్తారు, మాట తక్కువ వాళ్లు వెనకే ఉండిపోతారు. పెద్దలు బేరం ఆడొచ్చు గానీ లెక్క అందించకూడదు, ఈ సంగతి గేటు దగ్గరే చెప్పేయండి. మర్నాడు ఎంత అమ్మారు, ఎంత మిగిలింది అన్నది ప్రతి జట్టూ నోటుబుక్కులో రాయాలి, వచ్చిన డబ్బు దేనికి వాడాలో పిల్లలనే అడగండి.