కారును పోలీసులు ఎత్తుకెళ్తే: విడిపించుకునే విధానం, అభ్యంతర దరఖాస్తు

పెట్టిన చోట కారు కనిపించకపోతే ముందు 100కో 112కో ఫోన్ చేసి, బండి నంబరు చెప్పి, ట్రాఫిక్ వాళ్లు తీసుకెళ్లారేమో కనుక్కోండి. చాలాసార్లు అంతదూరం పోనక్కర్లేదు, పక్కనున్న పాన్‌డబ్బా ఆయనే "ఇప్పుడే క్రేన్ వచ్చింది సార్" అని చెప్పేస్తాడు. లోన్ వాయిదాలు బాకీ ఉంటే ఫైనాన్స్ వాళ్ల పనేమో కూడా చూసుకోవాలి. ఈ రెండూ కాదని తేలితే ఆలస్యం చేయకుండా దొంగతనం కింద ఫిర్యాదు ఇవ్వాలి.

బండి ట్రాఫిక్ స్టేషన్‌లో ఉందని తెలిశాక అందరూ అడిగే మాట "ఎంత కట్టాలి?" అని. దానికన్నా ముందు ఏ సెక్షన్ కింద తెచ్చారో అడగండి. నో పార్కింగ్‌లో ఎత్తిన కారుకి ఒక దారి, కాగితాలు లేక ఆపిన కారుకి ఇంకో దారి, తాగి నడిపినందుకు ఆపిన కారుకి, యాక్సిడెంట్ కారుకి వేరే దారులు. సెక్షన్ తెలియకుండా తిరిగితే ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి పంపుతూనే ఉంటారు.

ఎక్కువమందికి తగిలేది నో పార్కింగే. మోటారు వాహనాల చట్టం 1988లోని 127వ సెక్షన్ ప్రకారం, పార్కింగ్ నిషేధించిన చోట పెట్టిన బండినీ, బహిరంగ స్థలంలో 10 గంటలకు మించి వదిలేసిన బండినీ తొలగించవచ్చు. అయితే అందుకు ఆ ప్రాంతంపై అధికారం ఉన్న, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతించాలి. క్రేన్ కుర్రాళ్లు తమంతట తాము ఎత్తుకుపోతే అది ఈ సెక్షన్ ప్రకారం జరిగినట్టు కాదు. టోయింగ్ ఖర్చు మాత్రం యజమానిదే. రాకపోకలకు అడ్డంగా పెట్టారని 201వ సెక్షన్ వాడితే జరిమానా 500 రూపాయల వరకు.

స్టేషన్‌కి ఆర్సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఒక గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. ప్రభుత్వ యాప్‌లు డిజిలాకర్‌లో, ఎంపరివాహన్‌లో ఉన్నవి చెల్లుతాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2018లోనే ఈ మార్పు వచ్చింది. అసలు చిక్కు ఆర్సీ మీద పేరుతో. కొడుకు అమెరికాలో ఉంటాడు, కారు అతని పేరు మీద ఉంటుంది, స్టేషన్‌కి వచ్చేది నాన్నగారు. అలాంటప్పుడు కొడుకు సంతకంతో ఆథరైజేషన్ లెటర్, అతని గుర్తింపు కార్డు కాపీ ఉండాలి. సెకండ్ హ్యాండ్‌లో కొని పేరు మార్పించుకోనివాళ్లకి మరీ కష్టం. చట్టం దృష్టిలో ఆర్సీలో పేరున్నవాడే యజమాని కాబట్టి పాత ఓనర్‌ని బతిమాలుకోవాల్సి వస్తుంది.

డబ్బు కట్టకముందే బండి చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకోండి: నాలుగు వైపులా, బంపర్ కింద, కొక్కెం తగిలించిన చోట, చక్రాల రిమ్ముల మీద. హ్యాండ్‌బ్రేక్ వేసి ఉన్న కారును, లేదా ఆటోమేటిక్ గేర్ కారును చక్రాలు నేలమీద ఉండగా ఈడిస్తే బ్రేకులో, టైర్లో, గేర్‌బాక్సో దెబ్బతినొచ్చు. స్టార్ట్ చేసి, స్టేషన్ ఆవరణలోనే రెండడుగులు నడిపి చూడండి. తేడా ఉంటే అక్కడే కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. బయటికొచ్చాక చెబితే ఎవరూ ఒప్పుకోరు, ఇన్సూరెన్స్ వాళ్లు కూడా మొదట అడిగేది ఆ ఫోటోలే.

ఇక అభ్యంతరం సంగతి. చట్టంలోని 200వ సెక్షన్ కింద చలానా కట్టేస్తే అది కాంపౌండింగ్, అంటే రాజీ. కేసు అక్కడితో ముగుస్తుంది. పోరాడాలనుకుంటే టోయింగ్ చార్జీ మాత్రం కట్టి రసీదు తీసుకుని, చలానాను కోర్టుకు పంపమని రాతపూర్వకంగా కోరాలి. చలానా అప్పటికప్పుడు కట్టి తీరాలని 127లో లేదు. కానీ స్టేషన్‌లో ఈ మాట అంత తేలిగ్గా చెల్లదు. నన్నడిగితే, తప్పు మనదైతే 500 రూపాయల కోసం కోర్టు మెట్లెక్కడం దండగ. నంబరు తప్పు పడ్డా, పోలీసు లేకుండా ఎత్తినా, కారు పాడైనా, రసీదు ఇవ్వకుండా డబ్బు అడిగినా మాత్రం వదలకూడదు.

"బోర్డు లేదు" అన్న వాదన అన్నిసార్లూ నిలబడదు. ఫుట్‌పాత్, జీబ్రా క్రాసింగ్, మలుపు, వంతెన, బస్టాప్ దగ్గర, ఒకరి గేటు ముందు బోర్డు లేకపోయినా పార్కింగ్ కూడదని 2017 నాటి డ్రైవింగ్ రెగ్యులేషన్స్ చెబుతున్నాయి. అవేవీ కాని మామూలు రోడ్డైతే ఆ రోజే వెనక్కి వెళ్లి ఆ వీధి మొదలు నుంచి చివర దాకా వీడియో తీయండి. ఎదురు షాపువాళ్లని సీసీ కెమెరా రికార్డింగ్ వెంటనే అడగండి, కొన్ని రోజులైతే చెరిగిపోతుంది.

ట్రాఫిక్ ఏసీపీకి ఇచ్చే దరఖాస్తు ఇలా ఉంటే చాలు:

"అయ్యా, నా కారు నంబరు ______. తేదీ ______న సుమారు ______ గంటలకు ______ రోడ్డులో ______ ఎదురుగా నిలిపి ఉంచగా మీ సిబ్బంది తొలగించారు. చలానా నంబరు ______. ఆ చోట పార్కింగ్ నిషేధ బోర్డు లేదు / తొలగించే సమయంలో యూనిఫాంలో పోలీసు అధికారి లేరు / కారుకు ______ నష్టం జరిగింది. ఫోటోలు, టోయింగ్ రసీదు కాపీ జతచేస్తున్నాను. విచారించి చలానా రద్దు చేయాలని, రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను."

వర్తించనివి కొట్టేసి రెండు కాపీలు తీసుకెళ్లండి, ఒకదానిమీద ముద్ర వేయించుకోండి. దీనితోపాటు 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు కూడా పెడితే మంచిది. ఆ రోడ్డును నో పార్కింగ్‌గా ప్రకటించిన ఉత్తర్వు కాపీ, టోయింగ్ రేట్లు ఖరారు చేసిన ఉత్తర్వు కాపీ అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. కోర్టులో మీ మాటకి బలం ఆ కాగితాలతో వస్తుంది.

లైసెన్స్, రిజిస్ట్రేషన్, పర్మిట్ లేవని ఆపితే అది అదే చట్టంలోని 207వ సెక్షన్. అప్పుడు రవాణా అధికారికి గానీ, ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారికి గానీ సంబంధిత పత్రాలతో దరఖాస్తు చేస్తే, పరిశీలించి షరతులతో విడుదల చేస్తారు. బండి ఆపిన అధికారి ఇచ్చిన రిపోర్టు జతచేయడం మరవద్దు.

డ్రంక్ అండ్ డ్రైవ్ విషయంలో తెలంగాణ హైకోర్టు 2021 నవంబర్‌లో స్పష్టంగా చెప్పింది: నడిపినవాడు తాగి ఉన్నాడన్న ఒక్క కారణంతో బండిని స్వాధీనం చేసుకోకూడదు. పక్కన తాగని, లైసెన్స్ ఉన్న మనిషి ఉంటే ఆయనకి అప్పగించాలి. ఎవరూ లేకపోతే దగ్గరివాళ్లకి కబురు చేయాలి. అదీ కుదరకపోతేనే తాత్కాలికంగా స్టేషన్‌కి చేర్చి, యజమాని పత్రాలు చూపగానే ఇచ్చేయాలి. తీర్పు కాపీ ఫోన్‌లో పెట్టుకుని మర్యాదగా చూపించండి. కేసు మాత్రం నడిపిన మనిషి మీద నడుస్తుంది, అది వేరు.

యాక్సిడెంట్ బండిని తనిఖీకి తీసుకెళ్తే ఎక్కడికి తీసుకెళ్లారో యజమానికి చెప్పాలి, లాంఛనాలు పూర్తయ్యాక 24 గంటల్లో తిరిగివ్వాలి, అది 136వ సెక్షన్. క్రిమినల్ కేసులో సీజ్ అయితే స్టేషన్‌లో బతిమాలి లాభం లేదు. మేజిస్ట్రేట్ కోర్టులో మధ్యంతర కస్టడీ పిటిషన్, అంటే కేసు తేలేలోపు బండి మనకి అప్పగించమనే పిటిషన్ వేయాలి. దీనికి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 451, 457గా ఉన్న సెక్షన్లు 2024 జూలై 1 నుంచి, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో 497, 503 అయ్యాయి. బండ్లు స్టేషన్‌లో తుప్పు పట్టిపోకుండా పూచీకత్తు తీసుకుని వదలాలని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది, పిటిషన్‌లో ఆ తీర్పును ప్రస్తావించమని లాయర్‌కి చెప్పండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేని యాక్సిడెంట్ బండి అయితే తగిన సెక్యూరిటీ కట్టనిదే వదలరు. విడుదలయ్యాక కేసు తేలేవరకు బండి అమ్మకూడదనీ, రంగు, రూపం మార్చకూడదనీ, పిలిచినప్పుడు చూపించాలనీ మామూలుగా షరతులు పెడతారు. కొనేవాళ్లతో బేరం కుదుర్చుకునే ముందు ఆ ఆర్డర్ ఒకసారి చదువుకోండి.