నిప్పు లేనిదే పొగ రాదా? తత్వశాస్త్రం చదవడం ఇక్కడ మొదలుపెట్టండి

తత్వశాస్త్రం చదవాలని మొదలుపెట్టేవాళ్లలో చాలామంది పేర్ల దగ్గరే ఆగిపోతారు. అద్వైతం, సాంఖ్యం, స్టోయిక్‌లు, ఎగ్జిస్టెన్షియలిజం, కన్ఫ్యూషియస్, జెన్... ఒక్కోదానికి రెండు లైన్ల నిర్వచనం నోట్సులో రాసుకుంటారు, నెల తిరిగేసరికి అన్నీ కలగాపులగం అయిపోతాయి. నేనూ ఏడాది పాటు అలాగే చదివాను. ఆ నోట్సులో ఎవరేమన్నారో ఉంది గానీ ఎందుకన్నారో, ఎవరికి జవాబుగా అన్నారో ఒక్క ముక్క లేదు. చిక్కంతా అక్కడే ఉంది. ఏ దర్శనమైనా, అంటే ఏ తాత్విక సంప్రదాయమైనా, ఎదురుగా ఒకరు కూర్చుని “అదెలా కుదురుతుంది?” అని నిలదీస్తుంటే గట్టిపడిందే. అందుకని పేర్లు కాసేపు పక్కనపెట్టి, ఒక్క ప్రశ్న పట్టుకుని, దాని మీద వీళ్లందరూ వాదించుకోవడం వినండి.

నేనైతే ఈ ప్రశ్నతో మొదలుపెట్టమంటాను: “నాకు తెలుసు” అని నేను దేన్ని బట్టి అంటున్నాను?

పోయిన వానాకాలం ఒక సాయంత్రం మా మేడ మీద బట్టలు తీస్తుంటే రెండు వీధుల అవతల తెల్లగా పొగ లేస్తూ కనిపించింది. ఎవరింట్లోనో అంటుకుందని గుండె గుభేలుమంది, ఫోన్ తీసి నంబరు నొక్కబోతుంటే దోమల మందు కొట్టే బండి సందు మలుపు తిరిగి బయటికొచ్చింది. నిప్పు లేనిదే పొగ రాదని మనం రోజూ అనే మాట ఆ పూట నన్ను మోసం చేసింది. ఎక్కడ తప్పిందో చెప్పగలిగింది మాత్రం తర్కానికి పేరుపడ్డ న్యాయ దర్శనం, ఎందుకంటే సరిగ్గా ఈ పొగ-నిప్పు ఉదాహరణనే వాళ్లు శతాబ్దాలపాటు నలగ్గొట్టారు.

ఇక్కడ మనవాడు ఒకాయన ఉన్నాడు, అన్నంభట్టు. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు, కాశీలో స్థిరపడ్డాడు. కాశీకి వెళ్లినంత మాత్రాన అన్నంభట్టు అయిపోడని సంస్కృతంలో ఒక నానుడే పుట్టింది. ఆయన రాసిన తర్కసంగ్రహం చాలా చిన్న పుస్తకం, తర్కం నేర్చుకునేవాళ్లకి ఇప్పటికీ అదే తొలిమెట్టు. అందులో ఒక వాదాన్ని ఎదుటివాడికి ఎలా చెప్పాలో ఐదు ముక్కల్లో ఉంటుంది. కొండ మీద నిప్పుంది, ఇది ప్రతిజ్ఞ. పొగ ఉంది కాబట్టి, ఇది హేతువు. పొగ ఉన్న చోటల్లా నిప్పుంటుంది, వంటింట్లోలాగా, ఇది ఉదాహరణ. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది, ఇది ఉపనయం. అందుకని కొండ మీద నిప్పుంది, ఇది నిగమనం.

ఇప్పుడు మీ పని. ఈ రోజు మీరు గట్టిగా నమ్మిన ఒక చిన్న విషయం తీసుకోండి. “మెసేజ్ చూసి కూడా జవాబివ్వలేదు, నా మీద కోపంగా ఉన్నాడు” లాంటిది. దాన్ని ఈ ఐదు ముక్కల్లో కాగితం మీద రాయండి, మనసులో అనుకోవడం కాదు, రాయాలి. మూడో ముక్క దగ్గర చెయ్యి ఆగుతుంది చూడండి: జవాబివ్వని వాళ్లందరూ కోపంగా ఉన్నవాళ్లేనా? ఉదాహరణగా ఎవరిని చూపిస్తారు? ఆ తర్వాత వాక్యాన్ని తిరగేసి చూడండి. పొగ ఉన్న చోటల్లా నిప్పుంటుంది సరే, నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందా? ఉండదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగకి నిప్పుతో పాటు తడి కట్టె కూడా కావాలి. ఈ అదనపు షరతునే వాళ్లు ఉపాధి అన్నారు. నా బండి విషయంలో తప్పు ఇంకా ముందే జరిగింది: నేను చూసింది పొగే కాదు, మందు తుంపర్ల మంచు, అంటే హేతువే అక్కడ లేదు. అసిద్ధం అనే హేత్వాభాస, అంటే హేతువులో దోషం, కిందికి వస్తుంది. వారం రోజులు రోజుకొకటి ఇలా రాస్తే, ఎన్ని పుస్తకాలు చదివినా రాని పట్టు వస్తుంది, ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను.

తర్వాత ప్రత్యర్థులను పిలవాలి.

ముందు చార్వాకులు, మన పాతకాలపు భౌతికవాదులు. ప్రత్యక్షం, అంటే ఇంద్రియాలకు నేరుగా తెలిసేది, తప్ప ఇంకే ప్రమాణమూ (తెలుసుకునే సాధనం) చెల్లదన్నారు. లోకంలో ఉన్న, ఉండబోయే పొగలన్నిటినీ మీరు చూశారా? చూడనప్పుడు “పొగ ఉన్న చోటల్లా” అనే హక్కు మీకెక్కడిది? ఇది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1739లో అచ్చువేసిన తన మొదటి పుస్తకంలో ఇంచుమించు ఇదే గొళ్లెం పట్టుకున్నాడు: ఇన్నాళ్లూ జరిగింది కాబట్టి ఇకముందూ జరుగుతుందని ఏ తర్కమూ రుజువు చెయ్యలేదు, అది మనకు అలవాటు మాత్రమే. ఇద్దరిదీ ఒకే సిద్ధాంతమని మాత్రం అనుకోకండి. హ్యూమ్ అనుమానాన్ని (ఇక్కడ సందేహం కాదు, పొగను చూసి నిప్పుందని తేల్చుకోవడం లాంటిది) వదిలెయ్యమనలేదు, దాని పునాది ఎక్కడుందో చూపించాడు.

దీనికి ఉదయనుడి జవాబు నాకు చాలా ఇష్టం. 10-11 శతాబ్దాల నాటి నైయాయికుడు, అంటే న్యాయ దర్శనం వాడు. సందేహానికీ ఒక హద్దుంది, మన నడవడికతోనే గొడవ వచ్చే చోట అది ఆగాలి అంటాడు. పొగ కావాలంటే మీరు నిప్పే రాజేస్తారు, ఆకలేస్తే అన్నమే తింటారు, మరి దేన్ని సందేహిస్తున్నట్టు? హ్యూమ్ కూడా ఆ మొదటి పుస్తకంలోనే, ఈ ఆలోచనలతో తల తిరిగిపోయినప్పుడు భోంచేసి, స్నేహితులతో బ్యాక్‌గామన్ ఆడి, మూడు నాలుగు గంటల తర్వాత తిరిగొస్తే ఈ వాదాలు పేలవంగా కనిపిస్తాయని రాసుకున్నాడు. ఆ పేజీనీ ఉదయనుడి మాటనీ పక్కపక్కన పెట్టుకున్న రోజున నాకు చదువు నిజంగా మొదలైంది. తన పిడివాదపు నిద్ర వదలగొట్టింది హ్యూమేనని జర్మన్ తత్వవేత్త కాంట్ 1783లో రాశాడు. అందుకని కాంట్‌ని హ్యూమ్ తర్వాతే ముట్టుకోండి, ముందు ముట్టుకుంటే ఆయనకెందుకంత టెన్షనో అర్థం కాదు.

ఇంకో మెలిక ఉంది. ఆ సందులో దోమల మందు వెనక నిజంగానే ఏదో ఇల్లు కాలుతూ ఉందనుకోండి. “నిప్పుంది” అన్న నా మాట నిజమే, కానీ నాకు తెలిసినట్టా? 8వ శతాబ్దంలో ధర్మోత్తరుడనే బౌద్ధ తార్కికుడు దాదాపు ఇదే అడిగాడు: మాంసం కాల్చడానికి అప్పుడే నిప్పు రాజేశారు, పొగ ఇంకా రాలేదు, మూగిన పురుగుల గుంపును దూరం నుంచి చూసి పొగనుకుని “అక్కడ నిప్పుంది” అన్నాడొకడు. 1963లో ఎడ్మండ్ గెటియర్ మూడు పేజీల వ్యాసంలో ఇలాంటి ఉదాహరణలే ఇచ్చి పాశ్చాత్య జ్ఞానమీమాంసను, అంటే తెలియడం అంటే ఏమిటని అడిగే శాస్త్రాన్ని, కుదిపేశాడు. తూర్పు అంటే ధ్యానం, పడమర అంటే తర్కం అని ఎవరైనా అంటే ఈ ఒక్క కథ చెప్పండి.

బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడిని చివర్లో పెట్టుకోండి. వస్తువులను ప్రమాణాలు రుజువు చేస్తే, ప్రమాణాలను ఏది రుజువు చేస్తుంది అని విగ్రహవ్యావర్తని అనే తన పుస్తకంలో అడుగుతాడు. నిప్పు తనను తాను కూడా వెలిగించుకుంటుంది కదా అని ప్రత్యర్థి అంటే, నిప్పు ఎప్పుడైనా చీకట్లో ఉందా తనను తాను వెలిగించుకోవడానికి అని ఎదురు ప్రశ్న. చైనా నుంచి జువాంగ్‌జీ అనే తాత్వికుడి కథ ఒకటి చాలు: వంతెన మీంచి చూస్తూ చేపలు హాయిగా ఉన్నాయంటాడు, నువ్వు చేపవి కాదు, నీకెలా తెలుసంటాడు మిత్రుడు, నువ్వు నేను కాదు, నాకు తెలియదని నీకెలా తెలుసని ఈయన.

నోట్సు ఎలా రాయాలంటే, ఎడమ పేజీలో పూర్వపక్షం, అంటే ప్రత్యర్థి వాదం, కుడి పేజీలో జవాబు. ఎడమ పేజీ చదివితే ఆ ప్రత్యర్థే “అవును, నేను చెప్పింది ఇదే” అనేట్టుండాలి. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు వేదాంతి అయివుండి కూడా అన్ని దర్శనాలనూ వివరించే తన సర్వదర్శనసంగ్రహాన్ని చార్వాకంతోనే మొదలుపెట్టాడు. చార్వాకుల గురించి మనకు తెలిసిందాంట్లో ఎక్కువ భాగం ఇలా ప్రత్యర్థుల పుస్తకాల్లోంచి వచ్చిందే, కాబట్టి దాన్ని కాస్త జాగ్రత్తగా చదవాలి కూడా.

మొదటి పేజీలో ఒక చిన్న పట్టిక గీసుకోండి. చార్వాకులకు ఒకటే ప్రమాణం, ప్రత్యక్షం. బౌద్ధులు, వైశేషికులు అనుమానం కలిపి రెండు. సాంఖ్యులు శబ్దం (నమ్మదగినవాళ్ల మాట) కలిపి మూడు. నైయాయికులు ఉపమానం (పోలికతో తెలియడం) కలిపి నాలుగు. ప్రాభాకరులు, అంటే మీమాంసకుల్లో (వేదవాక్యాల అర్థాన్ని విచారించేవాళ్లు) ఒక శాఖ, అర్థాపత్తితో ఐదు: లావుగా ఉన్న దేవదత్తుడు పగలు తినడం లేదంటే రాత్రి తింటున్నట్టే. భాట్టులు (మీమాంసకుల్లోనే ఇంకో శాఖ), అద్వైతులు అనుపలబ్ధితో ఆరు, అంటే బల్ల మీద కుండ లేదని తెలియడం కూడా ఒక విడి జ్ఞానమే. కొత్త దర్శనం ఎదురైనప్పుడల్లా అది ఈ పట్టికలో ఎక్కడ నిలబడుతుందో ముందు అడగండి, స్టోయిక్‌లైనా డెకార్ట్ అయినా సరే.

ఒక మాట దగ్గర మాత్రం జాగ్రత్త. నాస్తికం అంటే ఇప్పుడు దేవుడు లేడనడం. ఈ దర్శనాల లెక్కలో మాత్రం వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకోకపోవడం. అందుకే సృష్టికర్త అక్కర్లేదన్న మీమాంసకులు ఆస్తికులయ్యారు. ఇది తెలియక చదివితే సగం వాదాలు తలకిందులుగా అర్థమవుతాయి.

ఈ ప్రశ్నతో రెండు నెలలు గడిపాక రెండో ప్రశ్నకు వెళ్లండి: “నేను” అంటే ఏది? మిలిందరాజుతో నాగసేనుడనే బౌద్ధ భిక్షువు రథం గురించి మాట్లాడిన ఘట్టం కొద్ది పేజీలే, హ్యూమ్ తన లోపలికి చూసుకుంటే అనుభూతుల కట్ట తప్ప “నేను” దొరకలేదన్న చోటూ కొద్ది పేజీలే. ఎడమ పేజీలో మాత్రం ఆత్మ ఉందనే నైయాయికుల వాదం రాసుకుని కూర్చోండి, ఈసారి వాళ్లే పూర్వపక్షం.