కాలేజీ పిల్లలు రివార్డు క్రెడిట్ కార్డు ఎంచుకోవడం ఎలా?

మా చుట్టాల పిల్లల్లో ఎవరు డిగ్రీలోనో ఇంజనీరింగులోనో చేరినా, రెండో ఏడు వచ్చేసరికి నాకు ఫోను రావాల్సిందే. "పిన్నీ, క్రెడిట్ కార్డు తీసుకుందామనుకుంటున్నా, ఏది మంచిది?" అని ఒకరు, "అత్తా, ఎక్కువ పాయింట్లు దేనికొస్తాయి?" అని ఇంకొకరు. ఇప్పటికి పదకొండు మందికి దగ్గరుండి తీయించాను. నన్నడక్కుండా తీసుకుని, తర్వాత బిల్లు పట్టుకుని వచ్చినవాళ్లు ఇంకో అయిదారుగురు ఉంటారు. వాళ్లందరూ చేసింది ఒకటే తప్పు. ముందు కార్డు తీసుకుని, దానికి తగ్గట్టు ఖర్చు పెట్టారు. ముందు మన ఖర్చేంటో చూసుకుని, దానికి తగ్గ కార్డు తీసుకోవాలి.

కావలసినవి

వయసు 18 నిండాలి. పాన్, ఆధార్, ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు, మీ పేరు మీద సేవింగ్స్ ఖాతా ఉండాలి. పాన్ లేకపోతే ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్లో ఆధార్ ఓటీపీతో ఈ-పాన్ ఉచితంగా వస్తుంది, దానికోసం నెట్ సెంటర్లో డబ్బులు పొయ్యక్కర్లేదు. ఇవి కాక ఒక తెల్ల కాగితం, ఒక పెన్ను. కాలిక్యులేటర్ వాడకూడదు. చేత్తో వేసిన లెక్కే గుర్తుంటుంది.

ముందు ఎఫ్‌డీ

జీతం లేనివాళ్లకు బ్యాంకులు మామూలుగా కార్డు ఇవ్వవు. స్టూడెంట్ కార్డు అని పేరు పెట్టి ఇచ్చేవి కూడా చాలావరకు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చేవే. బ్యాంకును బట్టి పది వేలో పాతిక వేలో డిపాజిట్ అడుగుతారు, అందులో ఎక్కువ భాగాన్ని మీకు ఖర్చు పెట్టుకునే లిమిట్‌గా ఇస్తారు. డిపాజిట్ మీద వడ్డీ ఎప్పటిలాగే వస్తుంది. కార్డు ఉన్నంతకాలం ఆ డబ్బు ముట్టుకోలేరు, అంతే. ఎఫ్‌డీ మీ పేరు మీదే చేయండి. పదిహేను వేలు చాలు. లిమిట్ అంతకు మించితే చేతికి దురద పుడుతుంది.

నాన్న కార్డు మీద యాడ్-ఆన్, అంటే ఆయన ఖాతాకే మన పేరుతో ఇంకో కార్డు, తీసుకుంటే పోలా అంటారు. పోదు. యాడ్-ఆన్ మీద మీరు పెట్టే ఖర్చు నాన్న లెక్కలోకే వెళ్తుంది, మీ పేరు మీద సిబిల్ చరిత్ర, అంటే అప్పులు సరిగ్గా కట్టారా లేదా అనే రికార్డు, మొదలవదు. రేపు బండికో పైచదువుకో లోన్ అడిగితే బ్యాంకుకు మీరు కొత్త ముఖమే. ఇంకో చిక్కు కూడా ఉంది. మా అన్నయ్య కొడుకు క్లాసులో ఉండాల్సిన టైములో విశాఖ భీమిలి రోడ్డులో ఒక బంకులో యాడ్-ఆన్ కార్డు గీకాడు. వాడు ట్యాంకు మూత బిగించేలోపే గాజువాకలో మా అన్నయ్య ఫోన్ మోగింది. ఆ కార్డు ఇప్పుడు బీరువాలో ఉంది.

మాల్ ముందు బల్ల వేసుకుని కూర్చునేవాళ్ల దగ్గర మాత్రం సంతకం పెట్టకండి. వాళ్ల మీద నాకేం కోపం లేదు, వాళ్ల టార్గెట్లు వాళ్లకుంటాయి. కానీ అప్పుడే పార్ట్‌టైమ్ పనిలో చేరిన మా చెల్లెలి కూతురికి ఒకాయన "లైఫ్‌టైమ్ ఫ్రీ" అని చెప్పి, చేతిలో ఒక బ్యాగు కూడా పెట్టి అంటగట్టిన కార్డుకు ఏడాది తిరగ్గానే 499 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 589 పడింది. ఫోన్ చేస్తే "మొదటి ఏడాదికే ఫ్రీ మేడమ్" అన్నారు. బ్యాగు జిప్పు అప్పటికే ఊడిపోయింది.

నోటిమాట నమ్మొద్దు. దరఖాస్తుతో పాటు వడ్డీ, ఫీజులు రాసి ఉన్న ఒక పేజీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని ఆర్‌బీఐ 2022 నిబంధనల్లో ఉంది. అది అడిగి తీసుకోండి. అందులో వార్షిక రుసుము ఎదురుగా సున్నా ఉంటేనే ఫ్రీ అన్నట్టు. ఒకవేళ కార్డు ఇంటికొచ్చాక మనసు మారితే యాక్టివేట్ చేయకుండా వదిలేయండి. 30 రోజులు దాటితే వాళ్లు ఓటీపీతో మీ ఒప్పుదల అడగాలి. మీరు ఒప్పుకోకపోతే పైసా తీసుకోకుండా ఖాతా మూసేయాలి.

లెక్క

ఇక్కడ తొందరపడితే మిగతాదంతా వృథా. పదిమందిలో తొమ్మిదిమంది తప్పు చేసేది ఇక్కడే, అందుకే కాస్త సాగదీస్తాను.

మీ యూపీఐ యాప్‌లో గత మూడు నెలల హిస్టరీ తెరవండి. కాగితం మధ్యలో నిలువుగా గీత గీసి, కార్డుతో కట్టగలిగే ఖర్చు ఎడమవైపు, కట్టలేనిది కుడివైపు రాయండి. మొత్తానికి ఇంత అని ఉజ్జాయింపుగా వేసుకోవద్దు, ఒక్కొక్కటీ రాయాలి.

పలాస నుంచి వచ్చి ఎంవీపీ కాలనీ హాస్టల్లో ఉంటున్న మా వాడి కాగితం చెప్తాను. నెలకు 12,000 ఖర్చు. అందులో హాస్టలూ మెస్సూ కలిపి 7,000, అది హాస్టల్ ఓనర్ సొంత నంబరుకి పంపాలి. ఆటోలు, బస్సులు 800. టీ, జిరాక్స్, సాయంత్రం బీచ్ రోడ్డులో ముంత మసాలా, అన్నీ కలిపి 1,200. ఇదంతా కుడివైపు. ఎడమవైపు మిగిలింది రీఛార్జి 300, ఆన్‌లైన్ షాపింగ్ 1,200, సినిమాలూ ఆర్డర్ చేసిన తిండీ 1,000, పెట్రోలు 500. అంటే 12,000లో కార్డుకు దక్కేది 3,000. వాడు అప్పటిదాకా నెలకు 12,000 మీద పాయింట్లొస్తాయని లెక్కేసుకుని కూర్చున్నాడు.

వీసా, మాస్టర్‌కార్డ్ లాంటిదే మన దేశపు రూపే. ఆ కార్డే తీసుకోమని నేను పట్టుబట్టేది ఇందుకే. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి లింక్ చేసుకోనిచ్చారు. షాపులో క్యూఆర్ స్కాన్ చేసి కార్డు నుంచే కట్టొచ్చు. అయితే అది వ్యాపారి ఖాతా క్యూఆర్ అయి ఉండాలి. సొంత నంబరు మీద తీసుకునే ముంత మసాలా బండికీ, హాస్టల్ ఓనర్‌కీ క్రెడిట్ కార్డు నుంచి డబ్బు వెళ్లదు. మద్దిలపాలెంలో కిరాణా కొట్టుకీ మందుల షాపుకీ చాలావరకు వెళ్తుంది. ఆ లెక్కన మా వాడి కుడివైపు నుంచి ఇంకో 500 ఎడమవైపుకి వచ్చింది. కొన్ని కార్డులు యూపీఐ ఖర్చుకు పాయింట్లు తగ్గించి ఇస్తాయి, అదీ చూసుకోవాలి.

తర్వాత ఎడమవైపు నుంచి కొట్టేయాల్సినవి కొట్టేయండి. పెట్రోలు, అద్దె, వాలెట్‌లో వేసుకునే డబ్బు, ఈఎంఐలు, వీటికి చాలా కార్డుల్లో పాయింట్లుండవు. కాలేజీ ఫీజు బయటి యాప్‌ల ద్వారా కడితే కొన్ని బ్యాంకులు పాయింట్లివ్వకపోగా 1 శాతం ఎదురు వసూలు చేస్తాయి. "ఫ్యూయల్ సర్‌ఛార్జి మాఫీ" అని పెద్దక్షరాల్లో వేస్తారు, అది తగ్గింపు కాదు. కార్డుతో కట్టినందుకు వేసే 1 శాతాన్ని వదిలేయడం. అదీ సాధారణంగా ఒకేసారి 400 రూపాయలో 500 రూపాయలో దాటితేనే. బండికి రెండొందలు కొట్టించేవాడికి దాంతో పనేముంది? మా వాడి కాగితంలో పెట్రోలు 500 కొట్టేశాం. చివరికి రివార్డు వచ్చే ఖర్చు నెలకు 3,000.

ఇప్పుడు పాయింటును పైసల్లోకి మార్చాలి. ఇది చేయకుండా ఏ రెండు కార్డుల్నీ పోల్చకండి. ఒక కార్డు 100 రూపాయలకు 2 పాయింట్లిస్తుంది, పాయింటు పావలా అనుకోండి. వందకు అర్ధ రూపాయి, అంటే అర శాతం. ఇంకోటి 150 రూపాయలకు 4 పాయింట్లిస్తుంది, పాయింటు 20 పైసలు. నాలుగు పాయింట్లంటే డబుల్ అనుకుంటారు. వేసి చూస్తే 150కి 80 పైసలు, అర శాతం కన్నా ఒక చుక్క ఎక్కువ. "10 రెట్లు" అని రాసి ఉంటే దేనికి పది రెట్లో అడగండి. చాలా కార్డుల్లో "ప్రతి 150కి" అంటే నిండు 150కే. 140 రూపాయల టిఫినుకు సున్నా, 290కి ఒక్క 150కి వచ్చే పాయింట్లే. చిన్న చిన్న ఖర్చులు పెట్టేవాళ్లకు సగం పాయింట్లు ఇక్కడే జారిపోతాయి.

పాయింట్లు వచ్చాయి సరే, చేతికెలా వస్తాయి? వాడుకోవడానికి 99 రూపాయలు, పైన జీఎస్టీ తీసుకునే కార్డులున్నాయి. గడువు దాటితే పోయే పాయింట్లున్నాయి. ఇన్ని పాయింట్లు చేరేదాకా ముట్టుకోనివ్వనివీ ఉన్నాయి. అందుకే కాలేజీ పిల్లలు క్యాష్‌బ్యాక్ కార్డే తీసుకోవాలి, పాయింట్ల కార్డు తీసుకోకూడదు. బిల్లులోంచి డబ్బు తగ్గడం కళ్లతో చూడొచ్చు. విమానం మైళ్లు, ఎయిర్‌పోర్టు లాంజ్ అని మా వాడు నాలుగు రోజులు కలవరించాడు. నువ్వు ఇంటికెళ్లేది పలాస ప్యాసింజర్లో కదరా అన్నాక ఊరుకున్నాడు.

ఇక ఆఖరి గీత. నెలకు 3,000 మీద 1 శాతం అంటే 30 రూపాయలు, ఏడాదికి 360. వార్షిక రుసుము 499 ఉన్న కార్డు తీసుకుంటే జీఎస్టీతో 589 కట్టి 360 వెనక్కి తెచ్చుకుంటున్నట్టు. 229 ఎదురు. "ఏడాదికి లక్ష ఖర్చు పెడితే ఫీజు మాఫీ" అంటారు, ఆ లక్షెక్కడిది? మా వాడి కాగితం చేసిపెట్టిన నిర్ణయం ఇది: రుసుము లేని రూపే కార్డు, క్యాష్‌బ్యాక్ ఇచ్చేది, అన్ని ఖర్చుల మీదా ఒకటే రేటు ఉన్నది. ఒకే యాప్‌లో 5 శాతం ఇచ్చే కార్డులు మీ ఎడమవైపు ఖర్చులో సగం ఆ యాప్‌దే అయితేనే పనికొస్తాయి. రెండో కార్డు ఊసు చదువయ్యేదాకా ఎత్తొద్దు.

బిల్లు

స్టేట్‌మెంట్ వచ్చిన రోజు వేరు, కట్టాల్సిన ఆఖరి రోజు వేరు. రెండింటి మధ్యా రెండు మూడు వారాలుంటాయి. ఇంటి నుంచి డబ్బు ఏ తేదీన వస్తుందో చూసుకుని, దాని తర్వాత వారానికి ఆఖరి రోజు వచ్చేలా బిల్లింగ్ తేదీ మార్పించుకోండి. కనీసం ఒకసారైనా మార్చుకోనివ్వాలని ఆర్‌బీఐ చెప్పింది.

బిల్లులో "మినిమం డ్యూ" అనే అంకెను చూడనట్టే ఉండండి. 8,000 బిల్లుకు 400 కడితే చాలని రాస్తారు. మిగిలిన 7,600 మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ వేసుకుంటే 266, జీఎస్టీతో 314. ఆ నెలంతా కొత్తగా కొన్న వాటికీ కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. మా వాడి లెక్కలో ఆ 314 పది నెలల క్యాష్‌బ్యాక్. ఏటీఎంలో డబ్బు తీస్తే రుసుము వేరే, వడ్డీ ఆ రోజు నుంచే. నెల మొత్తం బిల్లుకు ఆటో డెబిట్ పెట్టండి, పెట్టాక కూడా రెండు రోజుల ముందు మీరే కట్టేయండి. గడువు దాటి మూడు రోజులు మించితేనే ఆలస్య రుసుము వేయాలి, సిబిల్‌కి చెప్పాలి అని ఒక నిబంధన ఉంది. అది చదివినవాడొకడు ప్రతి నెలా ఆ మూడు రోజులూ వాడుకుంటున్నాడు. ఏదో ఒక నెలలో ఆదివారం తగులుతుంది, అప్పుడు నాకే ఫోన్ చేస్తాడు.

కార్డు చేతికొచ్చాక

2020 నుంచి కొత్త కార్డుకు ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలు, ట్యాప్ చేసి కట్టడం మూసి ఉంచే పంపుతున్నారు. యాప్‌లోకి వెళ్లి ఆన్‌లైన్ ఒక్కటే తెరవండి. పిన్ లేకుండా 5,000 దాకా పోయే ట్యాప్ సౌకర్యం కిక్కిరిసిన ఆర్టీసీ కాంప్లెక్సులో సిటీ బస్సెక్కేవాళ్లకు అక్కర్లేదు. లిమిట్‌లో 30 శాతం దాటి వాడొద్దు. 13,500 లిమిట్ ఉంటే 4,000 దగ్గర ఆపాలి. సిబిల్ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితం, ఆరు నెలలయ్యాక తీసి పేరు, పుట్టిన తేదీ సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోండి.

ఉద్యోగం వచ్చాక ఈ కార్డు మూసేయాలనిపిస్తే బాకీ మొత్తం కట్టి, ఫోన్లో కాకుండా మెయిల్లో అడగండి. ఏడు పనిదినాల్లో మూయాలి. ఆలస్యమైతే రోజుకు 500 చొప్పున వాళ్లే మీకివ్వాలి. మూసేసినట్టు జవాబు వచ్చాక బ్రాంచికి వెళ్లి, ఎఫ్‌డీ మీద లీన్, అంటే బ్యాంకు పెట్టుకున్న పట్టు, తీసేసినట్టు కాగితం రాయించుకున్నాకే బయటికి రండి.